ఉప్పు పట్టిన తువ్వాల

నేను ఒక తువ్వాలను. పట్టుచీరకు పెట్టె ఉంటుంది, పెట్టెలో కలరా ఉండ ఉంటుంది. నాకు ఉండేది ఒక తీగ. తడిసినప్పుడు మనిషి నన్ను కేకలు వేసి మరీ వెతుక్కుంటాడు, ఆరిపోయాక మరిచిపోతాడు. అయినా మనుషుల సంగతి నాకు తెలిసినంతగా పట్టుచీరకు తెలియదు. పెళ్ళిలో అందరి ముఖాలూ ఒకేలా ఉంటాయి. ఊరికే కడుక్కున్న ముఖమేదో, ఏడ్చి కడుక్కున్న ముఖమేదో ఆనవాలు పట్టగలిగేది తువ్వాల ఒక్కటే.

నేను నల్గొండ జిల్లాలో ఒక నేతగాళ్ళ ఊళ్ళో, గుంట మగ్గం మీద పుట్టాను. నన్ను నేసింది అండాలు. భర్త పోయిన తర్వాత ఆయన కూర్చున్న గుంటలోనే కాళ్ళు పెట్టుకుని కూర్చుని, పోగును అటూ ఇటూ నడిపే నాడె అందుకుంది. ఆడవాళ్ళు కండెలు చుట్టాలి గాని మగ్గమెక్కుతారా అని కులపెద్ద ఒకాయన వచ్చి అడిగాడట. "మగ్గానికి మీసాలున్నయా మామా?" అందట ఆమె. ఆయన తన మీసం ఒకసారి తడుముకుని వెళ్ళిపోయాడట.

చీరల పని ఒకటి ముగిశాక మిగిలిన నూలుతో నన్ను నేసింది. ఒంటికి గోధుమ తెలుపు, అంచుకు ఎరుపు. ఎరుపు నూలు మధ్యలో అయిపోవడంతో ఒక అంచు వేలెడు వచ్చింది, రెండోది చిటికెన వేలంత కూడా రాలేదు. అమ్ముడుపోయే సరుకు కాదు నేను. ఆమె చేతిలో పనిగా కాక, తీరికగా పుట్టాను. అందుకే ఆమె నాతో మాట్లాడింది. ఒంటరిగా నేసేవాళ్ళు గుడ్డతో మాట్లాడతారు. మంచి గుడ్డకు మొదట వచ్చే గుణం వినడమే.

అలా విన్నదే ఈ సంగతి. అండాలుకు పిల్లలు లేరు. చెల్లెలు సుజాత హైదరాబాదులో బట్టల దుకాణంలో పనిచేస్తూ, తన కూతురు హరిప్రియను అక్క దగ్గర ఉంచింది. ఐదేళ్ళప్పుడు ఆ పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. మందులు పడుతున్నా జ్వరం దిగలేదు. పిల్ల కళ్ళు తేలవేసింది. అండాలు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. తెలిసినవాళ్ళెవరూ పలకలేదని, తెలియని దాని వైపు తిరిగింది. ఎన్నడూ చూడని సముద్రానికి చేతులెత్తింది. "సముద్రంల ఉన్న గంగమ్మా, నా బిడ్డను లేపు. బిడ్డను తోల్కొని వచ్చి నీ నీళ్ళల్ల ఇద్దరం మునుగుతం." తెల్లారేసరికి పిల్లకు చెమట పట్టింది. పచ్చడి మెతుకులు అడిగింది.

మనుషుల మొక్కుల్లో నాకు కనిపించిన తమాషా ఒకటుంది. దగ్గరి దేవుడికి కొబ్బరికాయతో సరిపెడతారు. దూరపు దేవుడికి మాత్రం పెద్ద మాట ఇచ్చేస్తారు. ఇచ్చాక ఆ దూరమే అడ్డం వస్తుంది.

ఏటా కార్తీకంలో ఊరి నుంచి సూర్యలంక సముద్రానికి బస్సు వెళ్ళేది. ఒక ఏడు పాలివాళ్ళలో ముసలాయన పోయి మైల పట్టింది. తర్వాత పిల్లకు పరీక్షలొచ్చాయి. మరొక ఏడు సద్ది కట్టుకుని, సంచి భుజాన వేసుకుని, బస్సు ఎక్కాక అండాలే బయట చేరింది. దిగి ఇంటికొచ్చింది. ఆ మీదట మగ్గం, మోకాళ్ళు, వానలు. ఎవరైనా గుర్తుచేస్తే, "పోదాం తియ్యి, సముద్రం ఏడికి పోతది?" అనేది.

హరిప్రియ పెద్దదైంది. నీళ్ళను శుద్ధి చేసే చదువేదో చదివి, పై చదువుకు ఇంగ్లండు బయలుదేరింది. అండాలు నన్ను మడిచి ఆ పిల్ల పెట్టెలో పెట్టింది.

"అక్కడ తువ్వాలలు దొరకవా పెద్దమ్మా?"

"దొరుకుతయి. గొర్రెపిల్లల్లెక్క మెత్తగుంటయి. తడి మాత్రం తాగవు."

ఆమె చెప్పింది నిజం. ఇంగ్లండులో హరిప్రియ గదిలో ఉండే తేజస్వినికి అలాంటి తువ్వాల ఒకటి ఉండేది. స్నానాల గదిలో నా పక్క కొక్కేనికే వేలాడేది. ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరేది కాదు, అయినా గర్వం తగ్గేది కాదు. తేజస్వినిది బాపట్ల. సముద్రం ఊసు వస్తే ఇంకెవరినీ మాట్లాడనిచ్చేది కాదు.

చలి తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం సుజాత ఫోను చేసింది. అండాలు గుండెలో కవాటం చెడిపోయిందనీ, హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చామనీ, సోమవారం ఆపరేషననీ చెప్పింది. ఇక ఆగితే ప్రాణానికి పూచీ లేదని డాక్టరు అన్నాడట. అంతా సిద్ధం చేశాక అండాలు మొండికేసింది.

"నువ్వన్న చెప్పు బిడ్డా, మా మాట ఇంటలేదు," అని సుజాత ఏడుస్తూ ఫోను అక్క చేతికిచ్చింది.

"నేను ఆ బల్ల ఎక్కను పిరియా," అంది అండాలు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "గంగమ్మకు మాటిచ్చి ఇన్నేండ్లాయె. ఆ మాట మెడ మీద పెట్టుకొని కత్తి కింద పండుకోమంటరా?"

"ఆపరేషన్ అయినంక నేనొస్త. ఇద్దరం కలిసి పోదాం పెద్దమ్మా."

"అయినంక నేనుంటే గద. మీ దేశంల సముద్రం లేదా?"

"చుట్టూ అదే ఉన్నది."

"అయితే నువ్వు మునుగు. నీ పేరు మీద ఒకటి, నా పేరు మీద ఒకటి. మునిగినవని చెప్పు, అప్పుడు ఎక్కుత."

ఇది మా వైపు ఉన్నదే. పుష్కరాలకు పోయినవాళ్ళు తమ మునక తాము మునిగాక, రాలేనివాళ్ళ పేర్లు చెప్పి కూడా మునుగుతారు. మంచాన ఉన్న అత్త పేరు మీద, సెలవు దొరకని మరిది పేరు మీద. కొందరు పేర్లు చెప్పీ చెప్పీ జలుబు తెచ్చుకుంటారు. ఒకరి కోసం ఇంకొకరు తినలేరు, నిద్రపోలేరు. మునగడం మాత్రం కుదురుతుందని మనుషులు ఎట్లా తేల్చుకున్నారో నాకు తెలియదు. కాని ఆ నమ్మకం నాకు ఇష్టం.

ఫోను పెట్టేశాక హరిప్రియ ముఖం కడుక్కుని నన్ను అందుకుంది. అది ఊరికే కడుక్కున్న ముఖం కాదు.

"మునిగానని చెప్పెయ్యవే," అంది తేజస్విని. "ఇక్కడి నుంచి ఆవిడకేం కనపడుద్ది?"

"చెప్పినంక పెద్దమ్మకు ఏమన్న అయితే?"

తేజస్విని మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తర్వాత లేచి, "సరే, శనివారం పోదాం. సముద్రం సంగతి నాకొదిలెయ్. అలల్లోనే పెరిగాను నేను. ఎక్కడ దిగాలో, ఎట్లా మునగాలో నే చెప్తా," అంది.

శనివారం పొద్దున రైలెక్కారు. పులిహోర డబ్బా ఒక సంచిలో, నేనూ ఒక జత బట్టలూ ఇంకో సంచిలో. రైలు ఎక్కడ ఆగిందో ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు. వేసవిలో పిల్లలతో కిక్కిరిసే ఊరట. అప్పుడు మాత్రం ఐస్‌క్రీం కొట్లన్నీ మూతలు వేసుకుని నిద్రపోతున్నాయి. గాలి మాత్రం మేలుకునే ఉంది. గాలిలో ఉప్పు వాసన ఉంది. "చూశావా, వాసన! మా ఊళ్ళో దిగినట్టే ఉంది," అని తేజస్విని ముందు నడిచింది. వీధి చివర గోడ, గోడకు మెట్లు.

ఇద్దరూ మెట్ల మీద నిలబడిపోయారు.

సముద్రం లేదు.

మెట్ల కింద కాస్త ఇసుక ఉంది. దాని తర్వాత బురద. బురద తర్వాత ఇంకా బురద. చూపు ఆగే చోట, ఆకాశం కింద, సన్నగా ఒక మెరుపు గీత. పడవలు నేల మీద ఒరిగి, పనిలేని ఎడ్లలా పడుకుని ఉన్నాయి.

"ఇదేంటే? తీసేశారా ఏంటి?" అంది తేజస్విని.

"నువ్వే గద అలల్ల పెరిగింది. ఏడవోయింది చెప్పు."

"మా దగ్గర ఆటు వస్తే నాలుగడుగులు వెనక్కి జరుగుద్ది. అంతే. ఊరొదిలి పోదు!"

బాపట్ల పిల్లకు సముద్రం తెలుసు, కాని తెలిసింది వాళ్ళ ఊరి సముద్రం. నల్గొండ పిల్లకు అసలే తెలియదు. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది అని చూసుకోవాలన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు. కొండ దగ్గరికి వెళ్ళేవాడు కొండ ఇవాళ ఇంట్లో ఉందా అని ఎవరినీ అడగడు కదా.

గోడ పక్కన పసుపుపచ్చ పలక మీద మెత్తటి బురద, దిగవద్దు అని రాసి ఉంది. హరిప్రియ దాన్ని చదివింది. చదివి, నన్ను భుజాన వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచింది.

"చదివావు కదే!"

"బురద మాకు కొత్తనా? నాట్లు ఏసే మడిల ఆడుకున్నదాన్ని. నీళ్ళు కనపడుతున్నయి. నడిచిపోయి, మునిగి వస్త."

మా ఊరి బురదకు అడుగు ఉంటుంది. కాలు దిగుతుంది, దిగి ఒకచోట ఆగుతుంది, అక్కడ గట్టినేల ఉంటుంది. ఆ ఆగే చోటును నమ్ముకునే మా వాళ్ళు పాట పాడుకుంటూ నాట్లు వేస్తారు. ఇక్కడి బురద అట్లా కాదు. మొదట గట్టిగా ఉండి రమ్మంది. కొంత దూరం పోయాక చీలమండ పట్టుకుంది. తర్వాత పిక్క పట్టుకుంది. హరిప్రియ ఒక కాలు లాగితే రెండోది మోకాలి దాకా దిగింది. ఇక ఏదీ రాలేదు. ఆమె గుండె చప్పుడు భుజం మీద ఉన్న నాకు వినిపించింది. గట్టు మీద తేజస్విని గట్టిగా పిలుస్తోంది గాని, గాలి ఆ పిలుపును ఊళ్ళోకే మోసుకుపోతోంది.

అప్పుడు ఇంకో గొంతు వచ్చింది. కుక్కను తిప్పుకోవడానికి వచ్చిన ముసలామె ఒకరు ఇసుక చివరిదాకా దిగి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని అరుస్తోంది. "నిలబడకు అమ్మాయ్! గింజుకోకు! ముందుకు పడుకో, మంచం మీద పడుకున్నట్టు!"

హరిప్రియ నన్ను బురద మీద పరిచి, నా మీద బోర్లా పడుకుంది. కాళ్ళను నెమ్మదిగా అటూ ఇటూ కదిలిస్తూ ఒకటొకటే పైకి లాక్కుంది. బూట్లను బురద ఉంచేసుకుంది. నన్ను జరుపుకుంటూ, నా మీద పాకుకుంటూ ఇసుక దాకా వచ్చింది. నా తెలుపు ఆ రోజుతో పోయింది. పోతే పోయింది. తడి తుడవడానికి పుట్టినదాన్ని ఒక మనిషి బరువు మోశాను.

ముసలామె పేరు డోరీన్. ముందు తిట్టింది. తిట్టడం అయ్యాక తన కోటు విప్పి హరిప్రియకు కప్పింది. "సముద్రం కావాలంటే దాని వెంట పడకూడదు అమ్మాయ్. కూర్చుంటే అదే వస్తుంది. సాయంత్రానికి ఈ మెట్ల దగ్గరే ఉంటుంది," అంది.

గోడ చాటున బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. డోరీన్ వేయించిన బంగాళాదుంప ముక్కలు తెచ్చింది. తేజస్విని పులిహోర పెట్టింది. డోరీన్ ఒక ఎండుమిరపకాయ కొరికి, కన్నీళ్ళు పెట్టుకుని, చాలా బాగుందని అబద్ధమాడింది. బిస్కట్ అనే ఆ కుక్క మాత్రం నాకు అంటిన ఉప్పుబురదను నాకుతూ నిజాయితీగా సంతోషపడింది. పొడి బట్టలు కట్టుకున్నా హరిప్రియ పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి.

సముద్రం వచ్చింది. వస్తున్నట్టు చెప్పకుండా వచ్చింది. మొదట బురద మెరిసింది. తర్వాత మెరుపుల మధ్య సన్నటి దారులు పడ్డాయి. చూస్తుండగా ఒరిగిన పడవలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. హరిప్రియ ఇరుక్కున్న చోటు మీదుగా నీళ్ళు వెళ్ళిపోయాయి. ఆ చోటు ఎక్కడో ఇక తెలియలేదు. అది చూసి తేజస్విని హరిప్రియ చేయి పట్టుకుని, సాయంత్రం దాకా వదల్లేదు.

నీళ్ళు మెట్లు తాకాక హరిప్రియ ఇంటికి ఫోను చేసింది. సుజాత ఫోను పట్టుకుంటే తెరలో అండాలు ముఖం కనిపించింది. ముక్కులో గొట్టం ఉంది.

"పెద్దమ్మా, చూడు. సముద్రం."

అండాలు చాలాసేపు చూసింది. "గిట్లుంటదా? మన చెరువు లెక్కనే ఉన్నది గద, అవతలి కట్ట లేదంతే," అంది.

"ఇగో, దిగుతున్న."

"ఆగు. ఫోను దగ్గరకు తే. నీ పెదవులేంది గట్ల నీలబడ్డయి?"

ఇక తేజస్విని ఊరుకోలేదు. ఫోను లాక్కుని అంతా చెప్పేసింది. సముద్రం లేకపోవడం, బురద, బూట్లు, డోరీన్. "నీళ్ళు మంచుగడ్డలా ఉన్నాయి పెద్దమ్మగారూ. ఇంత వణికిన మనిషి ఇందులో మునిగితే ఊపిరి ఆగిపోద్దని ఈవిడ చెప్తంది. ఇది ఎవరి మాటా వినట్లేదు. మీరన్నా చెప్పండి."

హరిప్రియ ఒక మెట్టు దిగింది. నీళ్ళు పాదాలు పట్టుకుని మళ్ళీ వదిలాయి.

"పిరియా," అంది అండాలు. "ఎక్కు పైకి."

"నేను మునగకపోతే నువ్వు బల్లెక్కనంటివి."

"ఆ మొక్కు దేనికి మొక్కిన్నే పిచ్చిదానా? నీ పానం కోసం మొక్కిన. దానికోసం నీ పానమే పెడతవా? గంగమ్మ నవ్వదా?" దగ్గు వచ్చింది. సుజాత నీళ్ళు పట్టింది. తాగి, మళ్ళీ తెర దగ్గరికి వచ్చి చూసింది. "నీ భుజం మీద ఏందది? నేను నేసిందేనా?"

హరిప్రియ నన్ను పట్టి చూపించింది. బురద పట్టి ఉన్నా నా అంచు నన్ను పట్టిచ్చింది.

"ఒక అంచు లావు, ఒక అంచు సన్నం. అదే," అంది అండాలు. "దాన్ని ముంచు. నా చేతుల మీద పుట్టింది, నా చెమట తాగింది. నేనుగాక అదెవరు?"

అట్లా నేను సముద్రంలో మునిగాను. హరిప్రియ మెట్టు మీద వంగి, ఇనుప కమ్మి ఒక చేత్తో పట్టుకుని, డోరీన్ నడుము పట్టుకుని ఉండగా, నన్ను నీళ్ళలోకి వదిలి పట్టుకుంది. "గంగమ్మా, మా పెద్దమ్మ అండాలు పేరు మీద" అంది. చలి నా ప్రతి పోగులోకీ వచ్చింది. బావి నీళ్ళు నన్ను తడిపాయి, కుళాయి నీళ్ళు తడిపాయి. ఇవి తడపలేదు, నన్ను చదివినట్టు అనిపించింది. ఒక్కొక్క పోగూ విప్పి చూసి మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టినట్టు. బురదలో కొంత వదిలిపోయింది, దాని చోట ఉప్పు కూర్చుంది.

"నా పేరు మీద కూడా ఒకటెయ్యవే," అంది తేజస్విని. "ప్రాజెక్టు ఇంకా మొదలెట్టలేదు."

డోరీన్ ఏమిటిదంతా అని అడిగింది. హరిప్రియ తనకు వచ్చినట్టు చెప్పింది. ముసలామె కుక్క తాడును వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ, "లేనివాళ్ళ పేరు మీద కూడా కుదురుతుందా?" అంది. కుదురుతుందని హరిప్రియ చెప్పింది. "కెన్. మా ఆయన. ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఊళ్ళోనే పోయాడు. ఒక్కనాడు కాలు తడవనివ్వలేదు. నీళ్ళంటే గిట్టేది కాదు. ముంచు అమ్మాయ్. ఇప్పుడింక కాదనలేడుగా," అంది. కెన్ పేరు మీద కూడా మునిగాను. ఏ భాషలో పిలిచినా ఆ నీళ్ళు ఒకేలా చల్లగా ఉన్నాయి.

"పిండకు," అని ఫోనులో కేక. "పిండితే అంత కారిపోతది. ఉతుకుడు గూడ వద్దు. అట్లనే ఆరెయ్యి, నాకు పంపు."

"అయితే మొక్కు తీరినట్టేనా పెద్దమ్మా? ఒప్పుకుంటవా?"

అండాలు లెక్క తేల్చుకునేదానిలా కళ్ళు మూసుకుంది. "సగం తీరింది. గుడ్డ మునిగింది, మనుషులం మునగలే. ఆ సగం మిగిలింది." కళ్ళు తెరిచింది. "సగం మొక్కు బాకీ ఉన్న మనిషిని ఏ దేవుడన్న ఎట్ల తీస్కపోతడే? ఎక్కుత బల్ల. సుజాతా, వాళ్ళకు చెప్పు."

నిన్నటిదాకా తీరని మొక్కు ఉంది గనుక బల్ల ఎక్కనంది. ఇప్పుడు తీరని మొక్కు ఉంది గనుకే ఎక్కుతానంటోంది. మనుషుల తర్కం మగ్గం లాంటిది. నాడె అటు పోయినా, ఇటు వచ్చినా గుడ్డే పెరుగుతుంది.

సోమవారం నేను గదిని వెచ్చబెట్టే వేడి గొట్టాల మీద ఆరుతున్నాను. కారిన బొట్లు కింద తెల్లటి మచ్చలు కట్టాయి. నా కంపుకు తేజస్విని కిటికీ తెరిచింది, చలికి మూసింది, కంపుకు మళ్ళీ తెరిచింది. ఒక్కసారి కూడా ఉతకమనలేదు. హరిప్రియ తరగతికి పోలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని, నా కొసను పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం సుజాత నుంచి ఫోను వచ్చింది. హరిప్రియ విని, "ఆఁ" అంది. "ఆఁ" అని మళ్ళీ అంది. తర్వాత నాలో ముఖం పెట్టుకుంది. ఎన్నో ముఖాలు తుడిచాను గాని, అంత సంతోషంగా తడిసిన ముఖాన్ని తుడవడం నాకు అదే మొదలు.

అక్క కూతురికి చెవులు కుట్టించే వేడుకకు తేజస్విని ఎండాకాలంలో ఇంటికి బయలుదేరింది. ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూట కట్టి నన్ను ఆమె పెట్టెలో వేశారు. విమానాశ్రయంలో ఒక అధికారి సంచి విప్పి, వాసన చూసి, వెనక్కి జరిగి, ఏమిటిది అన్నాడు. "మా పెద్దమ్మగారు," అంది తేజస్విని, చిన్నమెత్తు నవ్వు లేకుండా. ఆయన నన్ను అట్లాగే లోపల పెట్టేశాడు.

తేజస్విని హైదరాబాదులో దిగి, బాపట్లకు పోకుండా ముందు మా ఊరికి వచ్చింది. అండాలు అరుగు మీద కూర్చుని ఉంది. సగమైంది మనిషి. ఛాతీ మీద నిలువునా గాటు, దానికీ రవికెకూ మధ్య మెత్తటి గుడ్డ. చేతులు మాత్రం అవే. ఆ చేతులు నన్ను విప్పాయి. అట్ట కట్టి ఉన్నాను, నిలబెడితే నిలబడేలా ఉన్నాను. ఆమె నా అంచులు చూసింది. తర్వాత ఒక కొసను నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పే," అంది.

తేజస్విని కాఫీ తాగి, పచ్చళ్ళ సీసా ఇప్పించుకుని వెళ్ళింది. అండాలు లేచి పెరట్లోకి నడిచింది. పొయ్యి మీద కాగిన నీళ్ళను సుజాత చేత బకెట్లో పోయించింది. "సల్లనీళ్ళు వద్దన్నడు గద డాక్టరు. గంగమ్మే జెర సర్దుకుంటది," అని నన్ను ఆ నీళ్ళలో వేసి, దడి చాటున బండ మీద కూర్చుంది.

నాలో ఉన్నదంతా నెమ్మదిగా విడిచాను. అంత దూరం నుంచి పిండకుండా, ఉతకకుండా తెచ్చిన ఆ కాస్త సముద్రాన్ని బకెట్లోకి ఇచ్చేశాను. నీళ్ళు కొంచెం మసక బారాయి. అండాలు చెంబు ముంచింది. గాటు తడవకుండా ఛాతీ మీద చేయి అడ్డం పెట్టుకుని, తలను ముందుకు వంచింది.

"ఇది నా పేరు మీద."

నీళ్ళు ఆమె నెరిసిన జుట్టు మీది నుంచి బండ మీదికి, బండ మీది నుంచి మల్లెచెట్టు మొదట్లోకి పోయాయి.

"ఇది మా పిరియ పేరు మీద."

ఆ చెంబు పోసుకున్నాక చాలాసేపు కదలలేదు. సుజాత దడి అవతలి నుంచి, "అక్కా, ఏం జేస్తున్నవే? బాగనే ఉన్నవా?" అని పిలిచింది.

"ఉన్న," అంది అండాలు. "తీరింది."

నన్ను బకెట్లో నుంచి తీసి, ఈసారి గట్టిగా పిండింది. నాతో ముఖం తుడుచుకుంది, మెడ తుడుచుకుంది, గాటు చుట్టూ అద్దుకుంది. నేతగాళ్ళు తాము నేసింది వాడుకోరు. ఇంట్లో ఎప్పుడూ అంగట్లో కొన్న చవక గుడ్డే ఉంటుంది. నన్ను నేసిన మనిషి ఒళ్ళు ఎట్లా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. లోపల కొత్త కవాటం టక్‌టక్‌మంటోంది, పక్కింట్లో ఎవరో మగ్గం ఆడిస్తున్నట్టు.

మళ్ళీ ఒకసారి నా కొసను నాలుక మీద పెట్టి చూసుకుంది. చప్పగా ఉన్నాను. ఆమె తల ఊపి, నన్ను జుట్టుకు చుట్టుకుని, "సుజాతా, అన్నం పెట్టు, ఆకలైతున్నది," అంటూ ఇంట్లోకి నడిచింది.